గంటమేడలో సిట్టి పాదం

బయలెల్లక ముందు

దేవరపేట ఎల్లొచ్చినానని తెలిసి మా ఈదిలో ఆడోళ్ళు ఒక్కొక్కలే వచ్చి అరుగు మీద కూకుంతన్నారు. ఏటి సూసినావు, ఏటి తెచ్చినావు అని అడుగుతన్నారు. ఒకలికి సెప్పింది ఇంకొకలికి సెప్పబోతే మద్దెలోనే ఆపెస్తన్నాను. అందుకని మొత్తం ఒక్కపాలి సెప్పెస్తాను. నాకు సంతకం ఒక్కటే వచ్చు, అదీ సగం పేరు. నాను సెప్తాను, రాసేవోళ్ళు రాస్తారు.

మాది భావనపాడు కాడ పల్లె. సుట్టూ సేపలోళ్ళ ఇళ్ళు, మద్దెలో మావి నాలుగు తాపీ మేస్త్రీల ఇళ్ళు. మా బావ, అంటే నా పెనిమిటి, సున్నం పూతలో సెయ్యి తిరిగిన మేస్త్రి. మేనత్త కొడుకు గనక పెళ్ళయినాక కూడా బావా అనే పిలిసీదాన్ని. మాకు మొదట పుట్టింది ఆడపిల్ల. నరసమ్మ అని పేరెట్టి సిట్టీ అని పిలిసీవోళ్ళం.

అది ఒళ్ళో పిల్లగా ఉన్నప్పుడు పెద్ద గాలివాన వచ్చి దేవరపేట గంటమేడ పై అంతస్తు కూలిపోయినాది. నాలుగు రోడ్లు కలిసే కాడ, ఊరి నడిబొడ్డున ఉండీది ఆ మేడ. కింద అంతస్తు పాతకాలం సున్నపు కట్టడం. దాని మీద సిమెంటు పట్టదని ఊరి పెద్దలు సున్నం పని తెలిసిన ముఠా కోసం ఎతికి మా మావగారికి కబురెట్టినారు. గిన్నెలూ సాపలూ మూట కట్టుకుని అందరం ఎల్లిపోయినాం. ఎద్దు గానుగ తిప్పుతుంటే సున్నం, ఇటికపొడి కలిసి నలిగీవి. అందులో కరక్కాయ నానేసిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసీ పని నాది. ఇటికపొడి వల్ల ఆ సున్నం ఎర్రగా ఉండీది. పరంజా కర్రకి సీర కట్టి ఉయ్యాల ఏసి సిట్టిని అందులో పడుకోబెట్టీదాన్ని. దాని బుగ్గల మీద కూడా ఆ ఎర్ర దుమ్మే.

మా మేస్త్రీల్లో ఒక ఆచారం ఉన్నాది. పెద్ద కట్టడం ముగిసే రోజున, ఆకరి పూత తడి ఆరకముందే, ముఠాలో అందరికన్నా సిన్న బిడ్డ పాదం అందులో అద్దుతారు. ఆడపిల్లయితే ఎడం కాలు, మొగపిల్లోడయితే కుడి కాలు. పదిమంది కళ్ళూ పడని సోట అద్దాల. కట్టడమూ నిలబడాల, బిడ్డా నిలబడాల అని. గంట ఏలాడదీసిన దూలం కింద, లోపలి గోడకి మా బావ సిట్టి ఎడం కాలు పట్టుకుని అద్దినాడు. సల్లగా తగిలినాదేమో, అది నవ్వినాది.

మేడ నిలబడినాది. సిట్టి నిలబడనేదు. ఆ వచ్చే వానల్లోనే జొరం వచ్చి పోయినాది. దానికి ఫొటో నేదు. ఆ రోజుల్లో మా బోటోళ్ళకి ఫొటో ఏటి. అది ఈ బూమ్మీదకి వచ్చిందనడానికి ఆ గోడలో అచ్చు ఒక్కటే మిగిలినాది.

మా బావ ఏటా ఒకపాలి ఏదో పని ఎట్టుకుని దేవరపేట ఎల్లీవోడు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటా "ఉన్నాదే" అనీవోడు. అంతే. నన్ను తీసుకెల్లనేదు, నానూ వస్తానని అననేదు. సూసి తట్టుకోలేనని ఇద్దరికీ తెలుసు.

బావ పోయిన పెద్దకర్మ నాడు పాత ముఠాలో ముసలాయన ఒకడు బోజనాల కాడ అన్నాడు, దేవరపేటలో రోడ్డు పెద్దది సేస్తన్నారు, గంటమేడ తీసెస్తారంట అని. అప్పుడే ఎల్లిపోదామని లేసినాను. మా వదిన రాములమ్మ ఆపినాది. వదినంటే బావకి అప్ప, అక్క అన్నమాట. ఆవిడ మాటే మా ఇంట్లో మాట.

"ఒలే గౌరీ, మొగుడు పోయిన ఏడాది ఆడది పొలిమేర దాటకూడదు. దాటితే ఆడికి నీళ్ళు అందవు. మేడ ఎక్కడికి పోతాది? గవర్నమెంటు పని. కొలతలు తీసుకోడానికే ఆళ్ళకి ఏడాది పడతాది" అన్నాది.

మా సుట్టుపక్కల ఇళ్ళన్నిటా అదే పద్దతి. నానూ నమ్మినాను. కొడుకులని పంపొచ్చు కదా అంతారు మీరు. ఇద్దరూ మెడ్రాసులో సెంట్రింగు పని సేస్తారు. పెద్దోడు ఫోనులో "అమ్మా, ఒక గోడ పెచ్చు కోసం కూలి మానుకుని రమ్మంతావా" అన్నాడు. ఆడు తప్పు మాట ఏటీ అననేదు. ఆడికి అది పెచ్చే. ఆడు పుట్టకముందే సిట్టి పోయినాది.

ఏడాదంతా గడప లోపల కూకుని ఆ గోడనే తలుసుకున్నాను. సంవత్సరీకం అయిన వారంలోనే బయలెల్లినాను. "నానూ వస్తాను" అన్నాది వదిన. ఆవిడ కళ్ళకి పొరలొచ్చినాయి. నా సెయ్యి పట్టుకోందే గుమ్మం దిగలేదు. ఎందుకొస్తన్నావని నాను అడగనేదు.

టెక్కలి, సికాకోళం, ఎచ్చెర్ల

ఇప్పుడు ఆడోళ్ళకి బస్సు ఊరికే. కార్డు సూపితే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. టెక్కలిలో ఎక్కగానే వదిన ఆ టికెట్టుని మడత పెట్టి జాకెట్లో దాసుకున్నాది.

"దాన్ని ఏటి సేసుకుంతావు వదినా?"

"ఊరికే ఇచ్చింది ఏదైనా దాసుకోవాల. రేపు ఇవ్వనేదంతే సూపొచ్చు."

సికాకోళం కాంప్లెక్సులో ఇడ్లీ తిన్నాం. నాలుగు ఇడ్లీ నలభై రూపాయలు. మా ఊళ్ళో దాంతో ఇద్దరికి పూటబోజనం పెట్టి సేప ముక్క కూడా ఏస్తారు. సెట్నీ నీళ్ళల్లే ఉన్నాది. వదిన ఆ ఒడ్డించీవోడితో "బాబూ, దీన్ని అద్దుకోవాలా, తాగాలా" అని అడిగినాది. ఆడు నవ్వి ఇంకో గరిటె పోసినాడు. అదీ నీళ్ళే.

అక్కడ బస్సు మారినాం. ఎచ్చెర్ల కాడ యూనివర్సిటీ పిల్లలు ఎగబడి ఎక్కినారు. ఒక ఆడపిల్లకి నిలబడ్డానికి కూడా సోటు నేదు. వదిన దాని బ్యాగు లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాది. అక్కడే వచ్చినాది తంటా. దారికని నాను క్యారేజీలో సోడి అంబలి, అదే రాగి అంబలి, పోసి తెచ్చినాను. గతుకుల్లో మూత ఊడి అంబలంతా ఆ పిల్ల బూట్ల మీద పడినాది. నాను సిగ్గుతో సచ్చిపోయినాను. కొంగుతో తుడవబోతే ఆ పిల్ల "వద్దు మామ్మా, వద్దు" అని కాళ్ళు ఎనక్కి తీసుకున్నాది. వదిన మాత్రం "అంబలి పడితే తోలు గట్టిపడతాదిలే" అన్నాది. బస్సంతా నవ్వినారు.

ఆ పిల్లే తరవాత అడిగినాది, ఎక్కడికెల్తన్నారు అని. దేవరపేట అన్నాను.

"అక్కడెవరున్నారు మామ్మా?"

నాను నోరు తెరిసీలోపే వదిన అన్నాది, "మా మేనకోడలు."

"ఏం చేస్తుందండీ?"

వదిన కిటికీ వైపు తిరిగినాది. పొరల కళ్ళకి బయట ఏటి కనపడతాదో నాకు తెలీదు. కూసింతసేపటికి "అక్కడే ఉంతాది" అన్నాది. నాను వదిన సేతి మీద సెయ్యేసినాను. ఇన్నేళ్ళలో ఆవిడ సిట్టి మాట ఎత్తడం నాను ఇనింది అదే మొదలు.

దేవరపేట

అప్పట్లో ఏటి వంతెన ఎక్కితేనే గంటమేడ కనపడీది. పంట సేల మీద, కొబ్బరి తలల మీద తెల్లగా నిలబడి ఉండీది. ఆ పని నడిసినన్నాళ్ళూ ముఠాతో ఊరెల్లి తిరిగొచ్చినప్పుడల్లా బళ్ళోంచి అందరం అటే సూసీవోళ్ళం. ఈపాలి వంతెన మీద లేసి నిలబడి సూసినాను. ఒక సెల్ టవరు కనపడినాది. పెద్ద పెద్ద బిల్డింగులు కనపడినాయి.

"కనపడతన్నాదా?" అన్నాది వదిన.

"ఎండ కళ్ళల్లో పడతన్నాది వదినా. దిగినాక సూద్దాం."

కండక్టరు "గంటమేడ, గంటమేడ, దిగండి" అని కేకేసినాడు. దిగినాం. ఆటోలోళ్ళు కూడా "గంటమేడా, గంటమేడా" అని పిలుస్తన్నారు. కొట్ల బోర్డుల మీద కూడా అదే మాట ఉన్నాదంట, పక్కనున్నాయన సదివి సెప్పినాడు. పేరంతా అక్కడే ఉన్నాది, మేడ ఒక్కటీ నేదు. నాలుగు రోడ్ల మద్దెన రేకులు కట్టిన దడి, దడి మీంచి లేసిన ఇనపకమ్మీలు, ఒక పెద్ద బొమ్మ. కొత్తగా కట్టబోయే మేడ బొమ్మంట. అద్దాలు, రంగురంగుల లైట్లు, నాలుగు పక్కలా గడియారాలు.

దడికి ఎదురుగా ముంత మసాలా బండి పెట్టుకున్న ఆడమనిషిని అడిగినాను. పేరు సన్నెమ్మ. నా ఈడుదే. గంట కొట్టీవోళ్ళ ఇంటి కోడలు. ఆవిడ మావ, ఆయన తండ్రి, అంతకు ముందోళ్ళూ ఆ మేడ మీద గంట కొట్టి బతికినోళ్ళే.

"తీసేసినారమ్మా. మొన్న అమాస ఎళ్ళినాక మిసన్లు వచ్చినాయి. రెండు రోజుల్లో నేలమట్టం" అన్నాది సన్నెమ్మ.

మొన్న అమాస అంటే మా ఏడాది నిండడానికి కొద్ది రోజుల ముందు. వదిన నా సెయ్యి వదిలేసినాది. సెప్పులు ఇప్పి పక్కన పెట్టి, రోడ్డు వార దుమ్ములోనే కూకుండిపోయినాది. మోటారుసైకిళ్ళోళ్ళు హారన్లు కొడతన్నారు. లేవనేదు. సన్నెమ్మే వచ్చి రెక్క పట్టుకుని లేపి బండి ఎనక నీడన కూకోబెట్టి నీళ్ళిచ్చినాది.

వచ్చిన పని సెప్పినాను. సన్నెమ్మ బేరాలు సూసుకుంటానే ఆ మేడ కత సెప్పినాది. ఉల్లిపాయ తరుగుతా సెప్పినాది గనక ఆవిడ కళ్ళల్లో నీళ్ళు దేనికో నాకు తెలీదు.

మొట్టమొదట అక్కడ మట్టిగోడలు, తాటాకు కప్పే అంట. సంత మొదలవడానికీ ముగియడానికీ గంట కొట్టాలని జమీందారు కట్టించినాడంట. ఒక సంత నాడు నిప్పంటుకుని కాలిపోయినాది. రెండోపాలి ఇటికలతో, సున్నంతో రెండంతస్తులు లేపినారు. ఆ సున్నానికి కావలసిన గుల్లలు భావనపాడు ఒడ్డు నించి ఎడ్లబళ్ళ మీద వచ్చినాయంట. "సగం మీ ఊరిదే మా మేడ" అన్నాది. నాకు ఆ సంగతి తెలీదు. ఆ గోడల పక్కన అన్ని నెలలు సున్నం నూరినాను, మా ఒడ్డు గుల్లలే అందులో ఉన్నాయని నాకెవరూ సెప్పనేదు. మూడోపాలి గాలివాన ఎనక మేం. మా పని అయినాకే గడియారాలు పెట్టినారు. నాలుగోపాలి ఎవరో పెద్దమనిషి ఎలచ్చన్ల ముందు బయటంతా సిమెంటు పూయించి గులాబీ రంగేయించినాడు. సిమెంటు కింద సున్నానికి గాలాడక గోడ సెమ్మెక్కిపోయినాది. గడియారాలు ఒక్కోటి ఒక్కో టైము కాడ ఆగిపోయినాయి. నాలుగు మొకాలు, నాలుగు మాటలు, మన పెద్దల్లాగే అని జనం నవ్వుకునీవోళ్ళంట. ఇప్పుడిది అయిదోపాలి.

"మా మావ గంట కొట్టడానికి ఎక్కేముందు మెట్ల కింద గోడకి సెయ్యి ఆనించి కళ్ళకద్దుకునీవోడు" అన్నాది సన్నెమ్మ. "అక్కడొక సిన్న పాదం ఉండీది. దేవుడి పాదం అనీవోడు."

"దేవుడిది కాదమ్మా. ఎవరో మేస్త్రి బిడ్డది" అన్నాను. మాకన్నా ముందు కట్టినోళ్ళదీ అదే ఆచారమని నాకు అప్పుడే తెలిసినాది. "పైన దూలం కింద ఇంకొకటి ఉండీది. అది నా బిడ్డది."

సన్నెమ్మ దడి లోపలికి తీసుకెల్లినాది. ఇనపకమ్మీలు కట్టీవోళ్ళంతా ఒడిసా నించి వచ్చినోళ్ళు. మా కాడ ఒడియా మాట సగం కలిసే ఉంతాది గనక నాను అడిగినాను, "పిలా పాదొ" అని, నా అరసెయ్యి సూపించి. పిల్ల పాదం అని. నెరిసిన మీసాలాయన ఒకడు పని ఆపినాడు. ఆయన సూసినాడంట. మిసను కూల్చిన కుప్పలో గోడ పెచ్చు మీద సిన్న పాదం కనపడితే దేవుడిదనుకుని, ఎవరూ తొక్కకుండా పక్కన పెట్టి దండం పెట్టుకున్నాడంట. మర్నాడు సూస్తే కుప్పతో పాటు దాన్ని కూడా లారీలో ఎత్తేసినారు.

మా సున్నం ఎర్రది గదా, ఎరుపా, తెలుపా అని అడిగినాను. దుమ్ము అమ్మా, తెలీనేదు అన్నాడు.

లారీలు ఎటెల్లినాయి అంటే సెయ్యి దచ్చినం వైపు సూపించినాడు. భోగాపురం. అక్కడ ఇమానాల స్టేషను కడతన్నారు గదా, దాని సుట్టూ పల్లపు నేలలు కప్పి ప్లాట్లు ఏస్తన్నారు. మేడంతా అక్కడికే పోయినాది.

సన్నెమ్మ ఇల్లు

ఆ పూట సన్నెమ్మ ఇంట్లోనే ఉన్నాం. ముందు తెలిసినోళ్ళమా, సుట్టాలమా. అయినా సాప ఏసినాది. ముక్కలపులుసు ఒండినాది. మా సముద్రపొడ్డున పులుసులో బెల్లం ఎయ్యం. ఇక్కడ గుప్పెడు ఏస్తారు. మా బావకి ఇక్కడి పులుసు పడీది కాదు. "ఈళ్ళు గోడకీ బెల్లమే, పులుసుకీ బెల్లమే" అని ఇసుక్కునీవోడు. ఆ మాట సెప్తే సన్నెమ్మ నవ్వినాది, నానూ నవ్వినాను. వదిన తిననేదు. కంచంలో సెయ్యి పెట్టి అలాగే కూకున్నాది.

"ఆ రోజు నా నోరు పడిపోయినా బాగుండీది" అన్నాది, ఎవరికో సెప్పినట్టు.

"తిను వదినా. ఒడిసా ఆయన సూసినానన్నాడు గదా."

"సూసినానన్నాడు" అన్నాది. రెండు ముద్దలు తిన్నాది.

భోగాపురం కాడ పల్లం

తెల్లారినాక సన్నెమ్మ తెలిసిన ఆటో మాటాడి పెట్టినాది. ఆ లారీలు ఎక్కడ దింపినాయో ఆటో ఆయనకి తెలుసంట. దారి పొడుగునా కొత్త రోడ్లు, జీడితోటల మద్దెలో రంగు జెండాలు. ఒకప్పుడు ఇంకో పనికి ఈ దారిలోనే మా గానుగ ఎద్దుని తోలుకెల్లినాం. ఎద్దు నీళ్ళు తాగిన ఏటి గుంట ఎక్కడుండీదో ఎంత సూసినా ఆనవాలు దొరకనేదు.

ఆ సోట దిగితే సుట్టూ సదును సేసిన ఎర్రమట్టి. రాళ్ళు పాతి వాటికి పసుపు రంగేసి అంకెలు రాసినారు. కాపలా మనిషి కర్ర పట్టుకుని ఎదురొచ్చినాడు.

"ఏటమ్మా, ఇనపముక్కలకొచ్చినారా? మొన్ననే ఏరుకుపోయినారు, ఏటీ మిగల్లేదు."

"ఇనుముకి కాదు బాబూ" అన్నాను. దేనికో సెప్పినాను. ఆడు నమ్మనేదు. గోడలో పిల్ల పాదమేటి, ఇందులో ఏదో ఉన్నాది, రేపొచ్చి ఇది మా సమాది బూమి అని కూకుంటే నాను ఏటి సెప్పాలి మా ఓనరుకి అన్నాడు. వదిన కర్రకి అడ్డంగా ఎల్లి నిలబడినాది.

"ఒరే, నా కళ్ళు సూడు. నాకు మనిసి మొకమే కనపడదు, నీ బూమి ఎక్కడ కనపడతాది?"

అప్పుడు ఆడి పెళ్ళాం మంగ రేకుల షెడ్డులోంచి వచ్చినాది. సంకలో పిల్ల ఉన్నాది. నా మాట ఇంకోపాలి ఇన్నాది. పిల్లని ఆడి సేతికిచ్చి, "రా అప్పా" అని ముందు నడిసినాది.

మేడ సానా మటుకు మట్టి కింద పోయినాది. మీద మిసను తొక్కేసినాది. ఒక్క కుప్ప మిగిలి ఉన్నాది, రేపో ఎల్లుండో అదీ తొక్కెస్తారంట. ఆ కుప్ప మీద ముగ్గురం కూకుని సేతుల్తో ఎతికినాం. సిమెంటు పెచ్చులు, గులాబీ రంగు పెచ్చులు. వాటి కింద మా ఎర్ర సున్నం. సెయ్యి తగలగానే తెలిసినాది. అంత కూల్చినా అది పొడి అవనేదు, ఇటికని పట్టుకునే ఉన్నాది. నాను నూరిన సున్నమే. నా వయసు అందులో ఉన్నాది. ముక్క ముక్కనీ తిప్పి సూసినాను. ఒకదాని మీద బావ తాపీ గీత ఉన్నాది. పాదం నేదు. ఎండ నెత్తికెక్కినాది. ఏళ్ళ సివర్లు సీరుకుపోయినాయి. వదిన కళ్ళు కనపడవు గనక ప్రతి ముక్కనీ రెండు సేతుల్తో తడిమి పక్కన పెడతన్నాది, సిన్న పిల్లకి నూనె రాసినట్టు.

కుప్ప అవతలి పక్క నించి మంగ పిలిసినాది. "అప్పా, ఇది సూడు."

మట్టి కొట్టుకుపోయిన పెచ్చు. రొట్టెంత ఉన్నాది. కొంగుతో తుడిసినాను. ఏళ్ళ గుంటలు కనపడినాయి. మడమ గుంట కనపడినాది. సీసాలో నీళ్ళు పోసి కడగడం మొదలెట్టినాను. మట్టి పోయేకొద్దీ అది తెల్లగా తేలినాది. తెలుపు. అందులో గుల్లముక్కలు మెరుస్తన్నాయి. బొటనేలి గుంట ఎడం పక్కనున్నాది. ఇసకలో అడుగులు సూసినోళ్ళకి తెలుస్తాది, అది కుడికాలు. మొగపిల్లోడు. మెట్ల కింద ఉండీ బిడ్డ. మాకన్నా ఎంత ముందు పుట్టినోడో, ఎవరి కొడుకో.

"దొరికినాదా?" వదిన మోకాళ్ళ మీద పాక్కుంటా వచ్చినాది. రెండు సేతులూ సాపినాది. "దొరికినాదా గౌరీ? ఇదేనా? సెప్పవే."

మంగ నా మొకం సూసినాది. ఆ మిగిలిన కుప్ప అప్పటికే తిరగేసేసినాం. ఇంక ఎతకడానికి ఏటీ నేదు. ఏడాదంతా ఆవిడ నా ఇంటి గడపలో పడుకున్నాది, నాను ఒంటరిగా ఏడవకూడదని.

"అవును వదినా" అన్నాను. "ఇదే."

ఒళ్ళో పెట్టుకున్నాది. కొంగు కప్పినాది. ఎండ తగలకుండా ఒంగుని కూకున్నాది. అప్పుడు ఏడిసినాది. నాను ఏడవనేదు. మా ఎర్ర సున్నం ముక్క ఒకటి, బావ తాపీ గీత ఉన్నది, కొంగున ముడేసుకున్నాను.

మంగ మాకు టీ ఇచ్చినాది. డబ్బులివ్వబోతే తీసుకోనేదు. కాపలా మనిషి ఆటో దాకా వచ్చి, "అమ్మా, ఇక్కడ ఎవరైనా ఇల్లు కట్టినప్పుడు పునాదిలో అలాంటిది ఇంకేదైనా బయటపడితే పక్కన పెడతాను" అన్నాడు. ఇందాక కర్ర పట్టుకున్నోడే. నా పేరు, ఊరు రెండుసార్లు అడిగి సెప్పించుకున్నాడు.

తిరుగు బస్సు

బస్సులో వదిన ఆ మూట ఒళ్ళోంచి దింపనేదు. కండక్టరు వచ్చి "ఏటమ్మా ఆ బరువు, రాయా? లగేజీ కొట్టాలి" అన్నాడు.

"ఆడపిల్ల" అన్నాది వదిన. "ఊరికే గదా."

ఆడు నా వైపు సూసినాడు. నాను రెండు కార్డులూ సూపినాను. రెండు సున్నా టికెట్లు కొట్టి ఇచ్చి ముందుకెల్లిపోయినాడు. ఎచ్చెర్ల దాటినాం, సికాకోళం దాటినాం. గతుకు వచ్చినప్పుడల్లా వదిన మూటని కూసింత పైకెత్తి పట్టుకున్నాది, కుదుపు తగలకుండా.

ఇల్లు

ఇప్పుడది మా ఇంట్లో గూట్లో ఉన్నాది. మా ఒడ్డు గుల్లలే బళ్ళెక్కి దేవరపేట ఎల్లి, గోడయి, ఇన్నాళ్ళకి తిరిగి మా ఒడ్డుకే వచ్చినాయి. ఆ బిడ్డ నిలబడినాడో నేదో నాకు తెలీదు. ఆడి తల్లి కూడా ఏటా ఒకపాలి ఆ మెట్ల కింద నిలబడినాదేమో. ఆడికీ ఎవరో ఒకరు కావాల గదా. నా సిట్టి మాత్రం ఆ పల్లంలోనే ఉన్నాది. దాని మీద ఎవరో ఇల్లు కట్టుకుంటారు. ఆళ్ళ పిల్లలు అటూ ఇటూ పరిగెడతారు. కింద కాడినించి సిట్టి ఆళ్ళని పిలవదు.

మీలో ఎవరైనా దేవరపేట ఎల్తే గంటమేడ అని అడగండి, అక్కడే దింపుతారు. మేడ ఉండదు. సన్నెమ్మ బండి ఉంతాది. నా పేరు సెప్పండి, ఉల్లిపాయ ఎక్కువేస్తాది.

వదిన రోజూ పొద్దున్నే గోడలు తడుముకుంటా వస్తాది. నూనె సుక్క ఏలికి అద్దుకుని ఆ పాదానికి రాస్తాది. మడమ కాడ మొదలెట్టి, ఏళ్ళ దాకా ఎల్లి, బొటనేలి గుంట కాడ ఆగిపోతాది. ఆవిడా మేస్త్రీల ఇంట పుట్టినదే. ఏ బిడ్డకి ఏ కాలో ఆవిడకి నా కన్నా ముందు తెలుసు. కూసింతసేపు ఏలు అక్కడే ఉంచుతాది. "సిట్టీ" అని, నూనె సెయ్యి తలకి రాసుకుని ఎల్లిపోతాది.

ఇది మీరు ఎవరికైనా సదివి ఇనిపించండి. ఆవిడకి మాత్రం సదవకండి.